గివ్ అప్‌కి స్పానిష్‌లో ఏ మాట వాడాలి? ముందు తెలుగులో అనుకోండి

2015లో వంటగ్యాస్ సబ్సిడీ గురించి ‘గివ్ ఇట్ అప్’ అని కేంద్రం ప్రచారం మొదలుపెట్టినప్పుడు, విజయనగరంలో మా ఇంటి అరుగు మీద పేపరు చదువుతున్న నాన్న ఆ మాట దగ్గర ఆగిపోయారు. “గివ్ అప్ అంటే మానేయడం కదమ్మా? గ్యాస్ మానీమంటన్నారా ఏటి?” అని అడిగారు. “గ్యాస్ కాదు నాన్నా, సబ్సిడీ...” అని నేను అంటూండగానే, “ఓహో, వొదులుకోమంటన్నారు!” అని ఆయనే సర్దుకుని పేజీ తిప్పేశారు.

అప్పుడు నేనది పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత గంటస్తంభం దగ్గర చిన్న మేడగదిలో స్పానిష్ చెప్పడం మొదలుపెట్టాక, ఆ రెండు ముక్కలు నాకు రోజూ పనికొస్తున్నాయి. మానేయడం వేరు, వదులుకోవడం వేరు. ఇంగ్లీషు ఈ రెండింటినీ ఒకే బుట్టలో వేసేసింది. చేతులెత్తేయడం, లొంగిపోవడం, ఆశ వదిలేసుకోవడం, బస్సులో సీటు ఇవ్వడం కూడా అదే బుట్టలో పడ్డాయి. స్పానిష్ మాత్రం మనలాగే వేటికి వాటికి వేరే క్రియలు పెట్టుకుంది. అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒకటే: గివ్ అప్ కనిపిస్తే నిఘంటువు తెరవకండి. ఇదే మాట మీ అమ్మతో చెప్పాల్సొస్తే తెలుగులో ఏమంటారో అనుకోండి. ఆ తెలుగు క్రియే స్పానిష్ క్రియ దగ్గరికి తీసుకెళుతుంది.

ఇలా ఇంగ్లీషు మీదుగా పోకుండా నేరుగా వెళ్ళడం మా ఊరికి కొత్త కాదు. 1919లో ఇక్కడ మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని (నాలుగు పాదాల పద్యాల్ని) ఆయన ఫిట్జెరాల్డ్ చేసిన ఇంగ్లీషు అనువాదం నుంచి ఒకసారి, అసలు పారశీకం నుంచి ఒకసారి సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎంత మారిపోయిందో తెలుస్తుంది. మనది అంత పెద్ద పని కాదు, ఒక్క క్రియ. అయినా దారి అదే.

ఈమధ్య సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని చదువుకుంటున్న ఒక అబ్బాయి, ఓడలో ఉద్యోగానికని స్పానిష్ నేర్చుకుంటున్నాడు. వాళ్ళ తాత గురించి ఒక పేజీ రాయమన్నాను. ముందు ఇంగ్లీషులో రాసుకుని, ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్‌లోకి దింపాడు. ఆ పేజీలో గివ్ అప్ అయిదు చోట్ల ఉంది. అయిదింటికీ ఒకటే క్రియ రాశాడు: ‘రెందిర్సే’. అంటే వాళ్ళ తాత బీడీలకు లొంగిపోయాడు, తమ్ముడికి లొంగిపోయాడు, బస్సులో సీటుకి కూడా లొంగిపోయాడు. ఆ పేజీని మేమిద్దరం మళ్ళీ తెలుగులో మొదలుపెట్టి తిరగరాసిన క్రమమే ఇక్కడ చెబుతున్నాను.

పలకడం గురించి రెండు ముక్కలు. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకు తగలాలి. ఇంగ్లీషు అలవాటులో ట, డ అనొద్దు. మాట మొదట్లో ‘ర’ వస్తే గట్టిగా అదరాలి. వాళ్ళు ‘వి’ అక్షరం రాసినా పలికేది ‘బ’ లాగే. ‘జె’ అక్షరం గొంతులోంచి వచ్చే ‘హ’.

మానేయడమా? అయితే ‘దెహార్’

తెలుగులో ‘మానేశాను’ అని వస్తే చాలావరకు ‘దెహార్ దే’ వాడాలి. దాని వెనక క్రియ మూలరూపం. తాత బీడీ కాల్చడం మానేశాడు అంటే ‘మి అబువేలో దెహో దే ఫుమార్’. ఇంగ్లీషులో ఇక్కడ ‘స్మోకింగ్’ అని వస్తుంది కాబట్టి పిల్లలు ‘ఫుమాందో’ అని రాసేస్తారు. అది తప్పు. మన ‘కాల్చడం’ చూడండి, ‘డం’ చేరిన క్రియానామం. స్పానిష్‌లో ఆ చోట కూర్చునేది ‘ఫుమార్’. ‘డం’ వినబడితే ‘ఆర్, ఏర్, ఈర్’తో ముగిసే మూలరూపం రాయండి, తప్పు రాదు.

అలవాటుని పేరుతోనే చెబితే ‘దే’ కూడా అక్కర్లేదు. పొగాకు మానేశాడు: ‘దెహో ఎల్ తబాకో’. చదువు మానేశాడు: ‘దెహో లోస్ ఎస్తూదియోస్’. ఉద్యోగం మానేశాడు: ‘దెహో ఎల్ త్రబాహో’.

ఈ మధ్యనే మానేస్తే స్పెయిన్‌లో ‘ఎ దెహాదో దే ఫుమార్’ అంటారు, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘దెహే దే ఫుమార్’ అనేస్తారు. రెండూ అందరికీ అర్థమవుతాయి. ఓడల్లో వంటగదిలో, డెక్ మీద మనవాళ్ళ పక్కన పనిచేసేది లాటిన్ అమెరికా వాళ్ళే అయితే రెండోది అలవాటు చేసుకోండి.

‘దెహార్’ దగ్గర ఇంకాస్త ఆగాలి. మన జిల్లాల వాళ్ళకి ఇది చాలా దగ్గరి మాట. మనం ‘ఒగ్గీడం’ (వదిలేయడం) అంటామే, అచ్చం అది. ‘నన్నొగ్గీ’ అంటే ‘దేహామే’. తాళాలు ఇంటికాడ ఒగ్గీసొచ్చేను: ‘దెహే లాస్ యావేస్ ఎన్ కాసా’. పెళ్ళాన్ని ఒగ్గీసేడు: ‘దెహో ఆ సు ముహేర్’. గేటు దగ్గర లోపలికి వదల్లేదు అనేదానికి కూడా అదే క్రియ: ‘నో మే దెహారోన్ ఎంత్రార్’. వస్తువు వదిలేయడం, మనిషిని వదిలేయడం, పోనివ్వడం అన్నీ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషులో వీటికి వేర్వేరు క్రియలు కావాలి. మన ‘వదలడం’ మాత్రం అన్నిటికీ సరిపోతుంది. క్లాసులో ఇది చెప్పినప్పుడు పలాస, టెక్కలి పిల్లల మొహాలు విప్పారడం నాకు చాలా ఇష్టం. ఇంట్లో మాట్లాడే మాట బళ్ళో పనికిరాదని విన్నవాళ్ళు వాళ్ళు.

జాగ్రత్త పడాల్సింది ‘దే’ దగ్గర. ‘దే’ ఉంటే మానడం, లేకపోతే ఒప్పుకోవడం. ‘మి పాద్రే నో మే దేహా ఫుమార్’ అంటే నాన్న నన్ను కాల్చనివ్వడు. ‘మి పాద్రే నో దేహా దే ఫుమార్’ అంటే నాన్న కాల్చడం మానడు. చిన్న ‘దే’ జారిపోతే తండ్రి తప్పు కొడుకు మీద పడుతుంది.

ఇంకొకటి. ‘నో దేహెస్ దే యామార్మే’ అని ఎవరైనా అంటే కంగారుపడకండి. ఫోన్ చేయడం మానొద్దు అంటే తప్పకుండా చెయ్యమని. మనం ‘మానకుండా మందు వేసుకో’ అంటామే, అదే నుడి. తెలుగు లోంచి వస్తే ఇది ఒక్కసారికే అంటుకుంటుంది.

చేతులెత్తేయడం, ఓటమి ఒప్పుకోవడం

పిల్లలు ఎక్కడ పడితే అక్కడ వాడే ‘రెందిర్సే’ అసలు చోటు ఇది. పోరాడుతున్నవాడు ఇక నావల్ల కాదని ఆపేయడం. ‘మే రిందో’ అంటే నావల్ల కాదు, ఓడిపోయాను. ‘నో తే రిందాస్’ అంటే చేతులెత్తేయకు, వదలకు. మీరు అని పిలవాల్సిన వాళ్ళయితే ‘నో సే రిందా’. పదిమందిని ఉద్దేశించి ‘నో సే రిందాన్’, స్పెయిన్‌లో స్నేహితులతో అయితే ‘నో ఓస్ రిందాయిస్’.

చివర ‘సే’ తీసేస్తే అర్థం వేరే ఊరు పోతుంది. ‘రెందీర్’ అంటే ఫలితం ఇవ్వడం, కలిసిరావడం. ‘ఎస్తే అర్రోస్ రిందే ముచో’ అంటే ఈ బియ్యం బాగా కలిసొస్తాయి. అర్జెంటీనా, చిలీ, పెరూ వైపు ‘రెందీ ఎల్ ఎక్సామెన్’ అంటే పరీక్ష రాశాను. పరీక్ష వదిలేశాను అని చెప్పబోయి ఇలా అన్నారంటే, ఎలా రాశావు అని అడుగుతారు.

దీనికి జోడీ ‘దార్సే పోర్ బెన్సీదో’, తనను తాను ఓడినట్టు లెక్కవేసుకోవడం. చాలా చోట్ల ఇదీ ‘రెందిర్సే’ ఒకదాని బదులు ఒకటి వాడొచ్చు. నాకు వినిపించే తేడా చిన్నది. పొడుపుకథ విప్పలేక, వాదనలో నెగ్గలేక, వెతికి వెతికి దొరక్క ‘ఓడిపోయానని ఒప్పుకుంటున్నా’ అనే చోట ఇది సొంపుగా కూర్చుంటుంది. ఒక్కటి మరిచిపోకండి. మనకు ‘ఓడిపోయాను’ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే. అక్కడ అమ్మాయి అయితే ‘మే దోయ్ పోర్ బెన్సీదా’ అనాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి గురించి రాస్తే ‘నో సే దియో పోర్ బెన్సీదా’. చాలా మంది పిల్లలు నిఘంటువులో ఉన్న ‘బెన్సీదో’నే ఆవిడకూ తగిలించేస్తారు.

మాటల్లో వాడే నుడికారాలు రెండున్నాయి. ‘తిరార్ లా తోఆయా’ అంటే తువ్వాలు విసిరేయడం. బాక్సింగ్‌లో తమవాడు ఇక నిలబడలేడని బరిలోకి తువ్వాలు విసురుతారు, అక్కణ్ణుంచి వచ్చింది. చాలాకాలం పెనుగులాడి ఆపేసిన వాళ్ళ గురించి వాడతారు. రెండోది ‘బహార్ లోస్ బ్రాసోస్’, చేతులు దించేయడం. ఇది నాకు మహా ఇష్టమైంది. మనం చేతులెత్తేస్తే వాళ్ళు దించేస్తారు! పని వదిలి, ధైర్యం జారి చేతులు కిందికి వేలాడిపోవడం అన్నమాట. అందుకే మన ‘చేతులెత్తేశాడు’ని మక్కికి మక్కి ‘లెబాంతో లాస్ మానోస్’ అని రాయకండి. వాళ్ళకు ఒక మనిషి చేతులు పైకెత్తి నిలబడ్డట్టే కనిపిస్తుంది, దాని వెనక మన బాధ కనిపించదు.

ఉత్తరం, దరఖాస్తు, పరీక్ష రాతలో అయితే మొదటి రెండిట్లో ఏదో ఒకటి. కబుర్లలో అయితే ఈ నుడికారాలు. ఎంచుకోలేకపోతే ‘రెందిర్సే’, దాంతో ఎక్కడా తప్పు పట్టరు.

వదులుకోవడం: ‘రెనున్సియార్ ఆ’

నీదే, నీకు రావలసిందే, అయినా వద్దనుకున్నావు. తెలుగులో ఆ ‘కో’లో ఉన్నది ఇదే. హక్కు, వాటా, పదవి, పౌరసత్వం, మా నాన్నగారి గ్యాస్ సబ్సిడీ. ‘రెనున్సియో అల్ సుబ్సీదియో’ అంటే సబ్సిడీ వదులుకున్నారు. ఆ అబ్బాయి తాత పొలంలో తన వాటా తమ్ముడికి వదిలేసుకున్నాడట. దానికి స్పానిష్‌లో దస్తావేజు మాటే ఉంది: ‘రెనున్సియో ఆ సు పార్తే ఆ ఫబోర్ దే సు ఎర్మానో’.

ఇక్కడ ‘ఆ’ తప్పనిసరి, ‘ఎల్’ ముందు వస్తే కలిసి ‘అల్’ అవుతుంది. గుర్తుండడానికి మన రాజీనామా చూడండి. పదవిని రాజీనామా చేశాడు అనం, పదవి‘కి’ రాజీనామా చేశాడు అంటాం. ఆ ‘కి’ ఉన్న చోట వాళ్ళ ‘ఆ’. లాటిన్ అమెరికాలో ఉత్త ‘రెనున్సియే’ అన్నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చానని అర్థమైపోతుంది. అందుకని సిగరెట్ మానేసిన సంగతి చెప్పడానికి ఈ క్రియ వాడకండి. అవతలివాళ్ళు సగంలోనే ఉద్యోగం పోయిందనుకుంటారు.

ఇంకో పొరపాటు. ‘వదులుకోవడం’లో ‘కో’ ఉంది కదా అని ‘రెనున్సియార్సే’ అని రాస్తుంటారు కొందరు. వాళ్ళ ‘సే’ మన ‘కో’కి అన్నిచోట్లా జవాబు చెప్పదు. లొంగిపోవడంలో ‘కో’ లేదు, అక్కడేమో ‘సే’ ఉంటుంది. ఈ ఒక్క విషయంలో తెలుగుని నమ్ముకోకుండా బట్టీ పట్టండి.

భారత పౌరులు వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది, మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. స్పెయిన్‌లో స్థిరపడాలనుకునేవాళ్ళకు ‘రెనున్సియార్ ఆ లా నసియోనలిదాద్’ అనే మాట ఏదో ఒక కాగితంలో ఎదురవుతుంది. అక్కడ మానేయడం, లొంగడం కుదరవు, వదులుకోవడమే.

లొంగడం ఎవరికి?

తెలుగులో లొంగడం ఒకటే, స్పానిష్‌లో ఎవరికి లొంగారన్నది చూడాలి. కోటలో సైన్యం శత్రువుకి లొంగితే ‘రెందిర్సే’. 1757 యుద్ధంలో బొబ్బిలి వాళ్ళు లొంగలేదు అని రాయాలంటే ‘నో సే రిందియేరోన్’. నేరం చేసినవాడు తనంతట తానే స్టేషన్‌కి వచ్చి లొంగిపోతే ‘సే ఎంత్రెగో ఆ లా పోలిసీయా’. ఒత్తిడికి, బతిమాలుడుకి లొంగి సరే అంటే ‘సెదియో ఆ లా ప్రెసియోన్’. ఇక్కడ కూడా ఒత్తిడి‘కి’, ‘ఆ’, చూశారా.

ఈ ‘సెదేర్’ బస్సుల్లో మరీ పనికొస్తుంది. తాత ఆర్టీసీ బస్సులో గర్భిణికి సీటిచ్చాడు: ‘సెదియో ఎల్ అసియెంతో’. ‘దియో’ అన్నా అర్థమవుతుంది గానీ, తన చోటు తాను లేచి ఇచ్చాడన్న మర్యాద ‘సెదేర్’లోనే ఉంది. స్పెయిన్ రోడ్ల మీద ‘సేదా ఎల్ పాసో’ బోర్డు కూడా ఇదే, దారి ఇవ్వమని.

మధ్యలో వదిలేయడానికి ‘అబాందొనార్’. పందెంలోంచి తప్పుకున్నా, డిగ్రీ సగంలో ఆపేసినా ‘అబాందొనో లా కర్రేరా’, ఎందుకంటే ‘కర్రేరా’ అంటే పరుగుపందెమూ అవుతుంది, డిగ్రీ చదువూ అవుతుంది. కాస్త బరువైన మాట. మామూలు పనికైతే ‘దెహార్ ఆ మేదియాస్’ చాలు, సగంలో ఒగ్గీడం. ప్రయత్నం విరమించుకోవడానికి ‘దెసిస్తీర్ దే’ ఉంది. పత్రికల్లో చదువుతారు, నోటితో అనే అవసరం మీకు అరుదు.

ఆశ వదిలేసుకోవడం

ఇది సున్నితమైన చోటు, ఇంగ్లీషు ‘గివ్ అప్ ఆన్’ అంటుంది. ఆశ పోయిందంటే ‘పెర్దేర్ లా ఎస్పెరాన్సా’, ఆశ పోగొట్టుకోవడం. తిరిగి రారనుకుని లెక్క తేల్చేసుకుంటే ‘దార్ పోర్’: సముద్రం మీదికి వేటకెళ్ళినవాళ్ళు రోజులు గడిచినా రాకపోతే ‘లోస్ దియేరోన్ పోర్ మువేర్తోస్’, చనిపోయారనే అనుకున్నారు. తీరప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఈ వాక్యం బరువు చెప్పక్కర్లేదు.

డాక్టర్లు పెదవి విరిచేశారు అనేదానికి స్పానిష్‌లో ఒక్క క్రియే ఉంది: ‘దెసౌసియార్’. ‘లోస్ మేదికోస్ లో దెసౌసియారోన్’, ఇక లాభం లేదన్నారు. అద్దెకున్నవాళ్ళని ఇల్లు ఖాళీ చేయించడానికి కూడా ఇదే క్రియ, కాబట్టి పేపర్లో చూడగానే ఆసుపత్రి అనుకోవద్దు. ఈ మాట తెలిసి ఉండాలి గానీ, జబ్బుమనిషి ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మీ నోటి నుంచి రానివ్వకండి. వాళ్ళే అంటే అర్థం చేసుకోడానికి మాత్రం నేర్చుకోండి.

మనిషి మీద ఆశ వదిలేసుకుంటే ‘లో దోయ్ పోర్ పెర్దీదో’, వాడు పోయినవాడి కిందే లెక్క. గట్టి మాట. కొడుకు చదవడం లేదని విసుక్కునే తండ్రికి ఇది ఎక్కువే. అలాంటప్పుడు నేను ‘యా నో సే కే అసేర్ కోన్ ఏల్’ అని చెప్పమంటాను: వీడితో ఏం చేయాలో తెలియట్లేదు. గివ్ అప్‌ని క్రియతోనే తేవాలని లేదు.

పరీక్ష వారంలో ఉందంటే మూడు చాలు: ‘దెహార్ దే’, ‘రెందిర్సే’, ‘రెనున్సియార్ ఆ’. మిగతావి చదువుతుంటే వాటంతట అవే వస్తాయి.

ఆ అబ్బాయి పేజీలో బీడీ, వాటా, సీటు సరిచేశాక రెండు వాక్యాలు మిగిలాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా కూలిపోయాయి. ఊళ్ళో చాలామంది తోటలు వదిలేసి వలసపోదామనుకున్నారు. దానికి ‘దెహార్’ రాశాడు. చెట్టు చూసేవాడు లేక బీడు పడిపోవడం కదా, ‘అబాందొనార్ లోస్ కోకోతాలెస్’ బాగుంటుందన్నాను, మార్చుకున్నాడు.

ఆఖరిది తాత గురించి. తుపాను తర్వాత ఆయన మళ్ళీ గోతులు తవ్వి మొక్కలు పెట్టాడు. తెలుగులో వాడు ‘తాత చేతులెత్తేయలేదు’ అని రాసుకున్నాడు. ‘నో సే రిందియో’, ‘నో సే దియో పోర్ బెన్సీదో’, ‘నో బహో లోస్ బ్రాసోస్’ మూడూ బోర్డు మీద రాసి ఎంచుకోమన్నాను. నేనైతే మొదటిది పెట్టేదాన్ని, పరీక్షలో నిలబడుతుందని. వాడు కాసేపు చూసి మూడోది తీసుకున్నాడు.

“గునపం పట్టుకున్నాడు కదా మేడం, చేతులు దించలేదంతే” అన్నాడు. దాన్నలాగే ఉంచేశాం.